మోటుపల్లి యాత్ర: మొరాయించిన మోటారుబండి

ఒంగోలు పేరు చెప్పినంతనే దేశములోని వారెల్లరకు జ్ఞప్తికి వచ్చునది యెద్దు. ఎత్తైన మూపురము, తెల్లని మేను గల యీ సీమ గిత్తలను ఓడలపై బ్రెజిల్ దేశమునకు కొనిపోయి, అచట నెలోర్ అను పేర పెంచుచున్నారు. ఆ పేరు మన నెల్లూరి నుండి పోయినదే. అట్టి యెడ్లను కట్టిన బండ్లలో మా తాతగారి కాలమువారు తిరునాళ్లకు పోయెడివారు. ఎద్దు నడవనన్నచో దానికి కారణ ముండును. కాడి మెడను ఒరసినదో, గిట్ట యరిగినదో, దప్పిక గొన్నదో, దగ్గఱకు పోయి నిమిరినవారికి తెలియకపోదు. నేటి మోటారుబండికి అట్టి మూగభాషయైనను లేదు. ఉదయమున పిలిచినంతనే పలుకును. మధ్యాహ్నమున బ్రతిమాలినను పలుకదు. సాయంకాలమునకు ఏమియు నెఱుగనట్లు మరల పలుకును.

సోదరీమణులారా! పూర్తిగా చెడిపోయిన వస్తువుతో చిక్కు తక్కువ. అది చెడినదని అందఱకును తెలియును. బాగుచేయువాడును దానిని కన్నులార చూచును. ఒకప్పుడు చెడి, ఒకప్పుడు బాగుగా నుండు వస్తువే యింటి బొక్కసమును తెలియకుండ ఖాళీ చేయునది. బాగుచేయువాని ముంగిటికి పోవుసరికి అది చక్కగా పనిచేయుచుండును. వాడేమో ఊహించి యేదో యొకటి మార్చును. మనము డబ్బిచ్చి వత్తుము. పదిదినములకు రోగము మరల తలయెత్తును. దసరా మొదలు మాఘము వఱకు మా యింట నడచిన యిట్టి కథను, దానితోపాటు మోటుపల్లి యాత్రను మీకు విన్నవించుట నా యుద్దేశము.

మా వారు ఒంగోలులో లెక్కల మాస్టారు. మా అత్తగారికి డెబ్బది రెండేండ్లు. ఆమెకు మధుమేహము కలదు, గుండెయు బలహీనము. మూడుమాసముల కొకసారి గుంటూరు తీసికొనిపోయి వైద్యునకు చూపవలెను. నూఱు కిలోమీటర్లకు పైబడిన ఆ దారిలో బస్సు కుదుపులు ఆమెకు సరిపడక, నిరుడు సంక్రాంతి దాటిన పిమ్మట ఒకరి చేత వాడబడిన చిన్నకారు నొకదానిని కొంటిమి. కొన్న యెనిమిది మాసములు అది గోవువలె నుండెను. దసరా సెలవులలో ఒకనాడు కూరగాయల బజారు వద్ద తొలిసారి మొరాయించెను. తాళపుచెవి త్రిప్పిన "టక్" మని యొక్క చప్పుడు తప్ప మఱేమియు లేదు. నలుగురు కూడి నెట్టగా కదలినది.

అటుపిమ్మట జరిగిన ఖర్చును మా పద్దు పుస్తకమునుండి యెత్తి వ్రాయుచున్నాను. మొదటి అంగడివారు బ్యాటరీ ముసలిదైనదని క్రొత్తది వేసిరి, 4,800 రూపాయలు. పండ్రెండు దినములు సుఖముగా నడచినది. రెండవ అంగడివారు సెల్ఫు మోటారు విప్పి, దానిలోని కార్బన్ బ్రష్షులు అరిగినవని మార్చిరి, 2,600 రూపాయలు. పదునైదు దినములు సుఖము. మూడవసారి తాళపుచెవి త్రిప్పు చోట నుండు స్విచ్చి మార్చిరి, 1,900 రూపాయలు. వారము దినములు సుఖము. వెరసి 9,300 రూపాయలు. నాలుగవసారి చూచినవారు, సెల్ఫు మోటారు మొత్తముగా మార్చవలెననియు, తీగలన్నియు క్రొత్తవి వేయవలెననియు 13,500 రూపాయలకు చీటి వ్రాసి యిచ్చిరి. ఆ సొమ్ము మా యొద్ద లేకపోలేదు. కాని అది మా అమ్మాయి కళాశాల రుసుమునకై దాచినది.

ఆ చీటిని చూచి మా అత్తగారు, "నా కోసం ఈ బండి కొన్నారు. నేను గుంటూరు రాను. ఇక్కడి డాక్టరుకే చూపించుకుంటాను. అమ్మేయండి" అనిరి. ఆమె మాట నా మనస్సున నాటినది. బండికి పెట్టవలసిన డబ్బుకంటె, నడిదారిలో నిలిచిపోదుమను భయము మా యింటిని ఎక్కువగా పట్టుకొన్నది. అందుచేత, కారణము తెలియువఱకు ఇక నొక్క రూపాయి పెట్టరాదని మా వారును నేనును నిశ్చయించుకొంటిమి.

జ్వరము వచ్చి పోవుచుండు బిడ్డకు వైద్యుడు మొదట నడుగునదేమి? "ఏ వేళకు వచ్చును? చలితో వచ్చునా? ఎంతసేపుండును?" అనియే గదా! ఆ పద్ధతినే బండికిని అవలంబించితిని. ఒక నోటుపుస్తకములో గళ్లు గీసి, బండి తీసిన ప్రతిసారి తేది, వేళ, అంతకుముందు ఎంతసేపు నడచినది, ఎంతసేపు నిలిచినది, ఎండలోనా నీడలోనా, చెవి త్రిప్పినప్పుడు ఎట్టి చప్పుడు వచ్చినది, దీపములు మసకబాఱినవా లేదా యని వ్రాయుచు వచ్చితిని. నాలుగు వారములలో 61 సార్లు బండి తీసితిమి. 7 సార్లు అది మొరాయించినది. ఆ యేడు పర్యాయములును అరగంటకు మించి నడచి, పది మొదలు నలువది నిమిషములు ఎండలో నిలిచిన పిమ్మటనే. తెల్లవాఱుజామున ఒక్కసారియు మొరాయింపలేదు. ప్రతిసారియు ఒకే "టక్" చప్పుడు. ప్రతిసారియు దీపములు మసకబాఱినవి. గంటసేపు చల్లాఱిన తర్వాత ప్రతిసారియు కదలినది. రోగము పేరు నాకు తెలియదు గాని, రోగము నడత తెలిసినది.

బండి యెట్లు మేల్కొనునో కొంచెము చెప్పుట యవసరము. పూర్వము మోటారుబండ్లకు ముందు భాగమున ఇనుప పిడి యుండెడిది. దానిని బలముగా త్రిప్పిన గాని యింజను కదలదు. ఒక్కొక్కప్పుడు అది వెనుకకు తన్ని చేతులు విఱుగగొట్టెడిది. 1911లో అమెరికాలో చార్లెస్ కెటరింగ్ అను నాతడు ఆ పిడికి బదులు విద్యుత్తుతో త్రిప్పు మోటారును కల్పించెను. 1912వ సంవత్సరపు క్యాడిలాక్ బండ్లలో అది మొదట అమర్చబడినది. స్త్రీలు సులువుగా బండి నడుపుటకు దారి తీసిన వానిలో అది యొకటి. మన మెకానిక్కులు "సెల్ఫు" అనునది అదియే. బ్యాటరీలోని విద్యుత్తు లావాటి తీగగుండ సెల్ఫునకు పోయి, ఇంజను ఇనుముగుండ, బండి యొడలిగుండ, "ఎర్త్" అను మఱియొక తీగవెంట తిరిగి బ్యాటరీని చేరవలెను. ఈ చుట్టులో ఎక్కడ అతుకు వదులైనను పని సాగదు.

మాఘమాసములో ఒక ఆదివారము మోటుపల్లి పోవుట తటస్థించినది. అచ్చటి వీరభద్రస్వామిని దర్శింపవలెనని అత్తగారికి చిరకాలపు కోరిక. గుంటూరు దూరమని భయపడిన యామెయు, గంటసేపటి దారియే గదా యని సమ్మతించిరి. అమ్మాయి, మా వారు, నేను, అత్తగారు నలుగురమును తెల్లవాఱిన పిమ్మట బయలుదేఱితిమి. పెరుగన్నము, నీళ్లు, అత్తగారి మందులు, నా నోటుపుస్తకము వెంట నుంచుకొంటిమి.

త్రోవగుంట వద్ద 16వ జాతీయ రహదారిని విడిచి, సముద్రతీరము వెంబడి కత్తిపూడి వఱకు పోవు 216వ రహదారి నెక్కితిమి. ఇరుప్రక్కల నల్లరేగడి. ఈ నేల వానకు బురదయై కాలిని పట్టుకొనును, ఎండకు నెఱ్ఱెలువాఱి నోళ్లు తెఱచును. కాని ప్రత్తికిని, మిరపకును, పొగాకునకును, శనగకును ఇది కన్నతల్లి. కల్లములలో మిరపకాయలు ఎఱ్ఱని జంపఖానాలవలె పఱచి యుండెను. కూలి ఆడవారు కొంగులు ముక్కునకు చుట్టుకొని తాలుకాయ లేరుచుండిరి. ఆ ఘాటు బండి యద్దములు దాటి మాకును తుమ్ములు తెప్పించినది. పొగాకు కాల్చు ఎత్తైన బ్యారన్లు అక్కడక్కడ నిలిచి యుండెను. నాగులుప్పలపాడు, ఉప్పుగుండూరు దాటి చినగంజాము చేరుసరికి నేల రంగు మాఱినది. నల్లని చేలకు బదులు మడులు మడులుగా ఉప్పు కొఠారులు. గట్లపై తెల్లని ఉప్పుకుప్పలు. గాలి నాలుకకు ఉప్పగా తగులుచుండెను. అచ్చటనుండి సముద్రము వైపునకు మఱలి మోటుపల్లి చేరితిమి.

2022లో జిల్లాలు విడిపోయినప్పుడు ఈ యూరు ప్రకాశము జిల్లానుండి బాపట్ల జిల్లాకు పోయినది. చూచినవారు దీనిని చిన్న పల్లె యందురు. కాని కాకతీయుల కాలమున ఇది యాంధ్రదేశపు పెద్ద రేవుపట్టణములలో నొకటి. 13వ శతాబ్ది చివర ఈ తీరమును గూర్చి వ్రాసిన వెనీసు యాత్రికుడు మార్కోపోలో దీనిని "ముట్‌ఫిలి" యనెను. ఈ రాజ్యము నొక రాణి న్యాయముగా నేలుచున్నదనియు, ఇచ్చటి వస్త్రములు సాలెగూటి దారమువలె సన్ననివనియు కొనియాడెను. ఆ రాణి రుద్రమదేవియని చరిత్రకారులు చెప్పుదురు. ఈ ప్రత్తినేలల నూలే యాతని నంత యాశ్చర్యపఱచినదని తలచుకొనగా మా అమ్మాయి కన్నులు విప్పారినవి.

వీరభద్రాలయ మండపములోని స్తంభము మీద రుద్రమదేవి తండ్రి గణపతిదేవుడు క్రీ.శ. 1244లో చెక్కించిన శాసనము కలదు. దానిని అభయశాసనమందురు. దాని భావము నా మాటలలో చెప్పుచున్నాను. పూర్వపు రాజులు, తుపానులో చిక్కి ఓడ బ్రద్దలై ఒడ్డునకు కొట్టుకొని వచ్చిన వర్తకుల సరకునంతను బలవంతముగా తీసికొనెడివారు. గణపతిదేవుడు దానిని మాన్పెను. ప్రాణమునకు తెగించి సముద్రము దాటి వచ్చినవారి వద్ద న్యాయమైన సుంకము మాత్రము గైకొని తక్కినదంతయు వారికే విడిచెదనని అభయ మొసగెను. సరకులపై సుంకము ముప్పదింట నొకపాలని, చందనము, కర్పూరము, ముత్యములు మొదలగువానికి వేర్వేఱు రేట్లని ఱాతిపై చెక్కించెను. క్రీ.శ. 1358లో రెడ్డిరాజైన అనపోతారెడ్డియు ఇచ్చటనే వర్తకులకు అభయమిచ్చుచు శాసనము వేయించెను. అంతటి శాసనము నిలిపిన చోట నేడు రేవు లేదు, ఓడలు లేవు. అలల చప్పుడు, పల్లెకారుల వలలు, పాత ఱాళ్లు మిగిలినవి. అత్తగారు స్తంభమునకు చేయి తాకించి కన్నుల కద్దుకొని, "ఎంత మంచి రాజమ్మా! ఆపదలో ఉన్నవాణ్ణి దోచుకోవద్దన్నాడు" అనిరి.

దర్శనము ముగించి, కొంతసేపు ఊరు చూచి బండి వద్దకు వచ్చునప్పటికి పండ్రెండు గంటలు దాటెను. ముప్పావుగంట ఎండలో నిలిచిన బండి. మా వారు తాళపుచెవి త్రిప్పిరి. "టక్" మన్నది. దీపములు మసకబాఱినవి. నేను పుస్తకము తీసి యెనిమిదవ గీత గీచితిని. ఒంగోలు వీథులలోనైన నెట్టువారుందురు. ఇచ్చట ఇసుకదారి; నెట్టినను చక్రములు దిగబడును. అత్తగారు వేళకు భోజనము చేసి మందు వేసికొనవలెను. ఆమె ముఖమున చెమట పట్టుచుండుట చూచి నా గుండె దడదడలాడినది.

ఎదుటి యింటి ఆమె ఇది చూచి, అడుగకుండనే చాప తెచ్చి వేపచెట్టు నీడలో పఱచినది. చెంబుతో మజ్జిగ యిచ్చినది. "పెద్దమ్మగారిని ఇట్టా ఎండలో కూర్చోబెట్టమాకండి, లోపలికి తీసుకురండి" అని చేయి పట్టి నడిపించుకొని పోయినది. అత్తగారు ఆ యింటి పంచలో కూర్చుండి మేము తెచ్చిన పెరుగన్నము తిని, మందు వేసికొనిరి. అప్పటికి నాకు ఊపిరి సలిపినది.

మా వారు సెల్‌ఫోనులో దూరపు టూరి మెకానిక్కు నొకనికి ఫోను చేసిరి. వచ్చి చూచుటకే రెండువేలు, లాగుకొని పోవలసి వచ్చినచో మఱి మూడువేలు, బాగుచేయుట వేఱు అని యాతడు చెప్పెను. "ముసలావిడ ఉన్నారు, కొంచెం చూడండి" యని మా వారనగా, "అందుకే వస్తున్నానండి, లేకపోతే ఆదివారం రాను" అనెను. కొలదిసేపటి క్రిందట చదివిన శాసనము నా కన్నుల యెదుట మెదలినది. ఒడ్డునకు కొట్టుకొని వచ్చిన ఓడకును, నడిదారిలో నిలిచిన బండికిని భేదమేమున్నది? ఓడపోయినవాడు బేరమాడలేడు. ఆ సంగతి ఒడ్డున నున్నవానికి బాగుగా తెలియును.

ఇంతలో ఆ యింటి కుఱ్ఱవాడు సైకిలు మీద పోయి, ట్రాక్టర్లు బాగుచేయు నొకనిని పిలుచుకొని వచ్చెను. నలువదియేండ్ల వాడు, చేతిలో పాత రేకుపెట్టె.

"ఏందమ్మా, బండి లేవట్లేదా? ఎప్పుడెప్పుడు ఆగిద్దో ముందు అది చెప్పండి."

నేను పుస్తకము విప్పి చదివి వినిపించితిని. ఎండ, వేడి, ఒకే చప్పుడు, దీపములు మసకబాఱుట, చల్లాఱిన పిమ్మట కదలుట, ప్రతి మరమ్మతు తర్వాతను పదిదినముల సుఖము: అన్నియు వినెను. చిఱునవ్వు నవ్వి, "పుస్తకంలో రాసుకున్నారా! ఇంకేం, సగం పని మీరే చేశారు" అనెను.

ఆతడు సెల్ఫు విప్పలేదు, బ్యాటరీ మార్చలేదు. పెట్టెలోనుండి లావాటి తీగ నొకదానిని తీసి, ఒక కొన బ్యాటరీ మైనస్ వైపునను, రెండవ కొన ఇంజను ఇనుమునకును గట్టిగా పట్టించి, "సారూ, ఇప్పుడు తిప్పండి" అనెను. చెవి త్రిప్పిరో లేదో బండి గర్జించినట్లు మేల్కొన్నది. మా అమ్మాయి చప్పట్లు చఱచినది. ఆతడు బండి ఆపించి, తన తీగ తీసివేసి మరల త్రిప్పించెను. "టక్" మన్నది. "చూశారా? సెల్ఫు మంచిదే, బ్యాటరీ మంచిదే. మధ్యలో ఎర్త్ వైరు దొంగ" అనెను.

బ్యాటరీ మైనస్ వైపు తీగ రెండవ కొన, బండి యొడలికి మరతో బిగించిన చోట మట్టిక్రింద కనబడకుండ నుండెను. మర విప్పగా క్రింద తుప్పును, తెల్లని పొడియు పేరుకొని యుండెను. "ఇది ఇయ్యాళ పట్టింది కాదమ్మా. ఉప్పుగాలి తిన్న ఇనుముకి ఇంతే. మా ట్రాక్టర్లకి రోజూ ఉండేదే" అని చెప్పుచు, గరుకు కాగితముతో ఇనుము మెఱయువఱకు రుద్దెను. బ్యాటరీ మీది రెండు బిగింపులను వేడినీళ్లతో కడిగి, ఆరనిచ్చి, బిగించి, పైన వాసెలిన్ పూసెను. అరగంట పని.

దీపములు వెలుగుచుండగా సెల్ఫు మాత్రము తిరుగకుండుట యెట్లని నేనడిగితిని. ఆతడు చెప్పినదానిని మన సీమ మాటలలో చెప్పుచున్నాను. నాగార్జునసాగరపు ఒంగోలు కాలువలో పూడిక పేరుకొన్నదనుకొనుడు. బిందెలు ముంచుకొనుటకు నీళ్లు చాలును. మాగాణి పాఱుటకు చాలవు. బండి ముందు దీపములు రెండింటికిని పది ఆంపియర్ల విద్యుత్తు చాలును. సెల్ఫునకు ఆ క్షణమున నూఱు ఆంపియర్లకు పైగా కావలెను. తుప్పుపట్టిన అతుకు పదింటిని పోనిచ్చును, నూటిని పోనీయదు. వేడియెక్కినకొలది తీగలలో అడ్డు పెరుగును, వేడి యింజనుతో నున్న సెల్ఫునకు బలము తగ్గును. అందుచే ఎండవేళనే మొండితనము. ఇక మరమ్మతు చేసినప్పుడెల్ల పదిదినముల సుఖ మెందుకనగా, ఏ పని చేసినను మొదట బ్యాటరీ తీగలు విప్పి మరల బిగింతురు. ఆ కదలికకే అతుకులు కొంత బాగుపడుచుండెను. మేలు చేసినది ఆ కదలిక; సొమ్ము పోయినది క్రొత్త సామానునకు.

ఎంత యీయవలెనని మా వారడిగిరి. "రెండొందలు" అనెను. మా వారు అయిదువందల నోటు చేతిలో పెట్టబోగా ఆతడు మూడువందలు తిరిగి యిచ్చి, "పని రెండొందలదే సారూ. ఆగిపోయారని ఎక్కువ తీసుకుంటే ఎట్టా? ఒంగోలు పోయినాక ఈ ఎర్త్ వైరు కొత్తది వేయించండి, కొన అరిగింది. మూడొందలకి మించి ఇవ్వమాకండి" అనెను. ఆతడు గుడిలోని శాసనమును చదివెనో లేదో నేనడుగలేదు. న్యాయమైన సుంకము తీసికొని తక్కినది విడిచిపెట్టుట ఆ యూరిలో ఱాతిమీద మాత్రమే నిలువలేదని మాకు తెలిసినది. మా వారు దూరపుటూరి మెకానిక్కునకు ఫోను చేసి, రానవసరము లేదని మర్యాదగా చెప్పిరి.

పంచలో విశ్రమించిన అత్తగారు తాము లేచి వచ్చి, "వేటపాలెం ఇక్కడికి దగ్గరే కదా? ఆ గ్రంథాలయం చూడాలని ఎప్పటినుంచో ఉంది. ఆపినా మళ్ళీ లేస్తుందిగా?" అనిరి. 1918లో స్థాపింపబడిన సారస్వత నికేతనమును గూర్చి ఆమె మాటలు. 1929లో దాని భవనమునకు గాంధీమహాత్ముడు శంకుస్థాపన చేసెను. ఆ దారిని పోవుచుండగా మా అమ్మాయి ఫోనులో చదివి యొక కథ వినిపించినది. 1888వ సంవత్సరము ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అను ఇల్లాలు, భర్త కార్ల్ బెంజ్ కల్పించిన మోటారుబండిని ఆయనకు చెప్పకుండ తీసికొని, ఇద్దఱు కుమారులతో మన్హైమునుండి ప్ఫోర్జ్‌హైములోని పుట్టింటికి నూఱు కిలోమీటర్లకు పైగా ప్రయాణము చేసెనట. మోటారుబండిలో అంత దూరము పోయిన మొదటి మనిషి ఆమెయే. ఇంధనపు గొట్టము మూసికొనిపోగా తన టోపీ సూదితో పొడిచి బాగుచేసినది. తీగ యొఱపిడికి లోనుకాగా మేజోడు కట్టుకొను పట్టీని దానికి చుట్టినది. ఇంధనము తఱుగగా వీస్లోఖ్ అను నూరిలో మందుల అంగడిలో కొన్నది. ఆనికట్టు కఱ్ఱ అరుగగా చెప్పులు కుట్టువానిచేత తోలు వేయించినది. "చూశావా మామ్మా, మొదటి మెకానిక్కు కూడా ఒక అమ్మే!" అని మా అమ్మాయి యనగా, "సూదీ గుడ్డపీలికా చేతిలో ఉంటే ఆడది ఏదైనా సరిచేస్తుందే" అని అత్తగారు నవ్విరి. చాలమాసములకు ఆమె నవ్వు విన్నాము.

వేటపాలెములో గంటసేపు నిలిచితిమి. మిట్టయెండ. తిరిగివచ్చి చెవి త్రిప్పినంతనే బండి కదలినది. దారిలో రెండు చోట్ల పనిగట్టుకొని ఆపి చూచితిమి. రెండు చోట్లను కదలినది. మఱునాడు ఒంగోలులో ఎర్త్ తీగ క్రొత్తది వేయించితిమి. కూలితో కలిపి 450 రూపాయలు. మోటుపల్లిలో నిచ్చిన రెండువందలతో కలిపి 650. చీటిలో వ్రాసిన 13,500 మిగిలి అమ్మాయి రుసుమునకు చెల్లినది. ఉగాది దాటి రోహిణి కార్తె యెండలు మొదలైనవి. ఇంతవఱకు నా పుస్తకములో తొమ్మిదవ గీత పడలేదు.

ఇట్టి చిక్కు కలిగిన సోదరీమణులకు నాలుగు మాటలు చెప్పి విరమించెదను. చెవి త్రిప్పినప్పుడు ముందు దీపములు వెలిగించి చూడుడు. దీపములు ఆఱిపోవునట్లు మసకబాఱినచో బ్యాటరీగాని తీగల అతుకులుగాని దోషులు. దీపములు చెక్కుచెదరక, చప్పుడే లేకున్నచో తాళపు స్విచ్చినిగాని సెల్ఫునుగాని అనుమానింపవచ్చును. ఇంజను గిఱగిఱ తిరిగియు అందుకొనకున్నచో ఇంధనముగాని నిప్పురవ్వగాని అందుటలేదని తెలియవలెను. అప్పుడు బ్యాటరీ మార్చినను ఫలము లేదు. నిండుగా నున్న బ్యాటరీ విశ్రాంతిలో 12.6 వోల్టులకు దగ్గఱగా చూపును; బండి నడచుచుండగా రమారమి 14 చూపవలెను. ఈ కొలత ఏ మెకానిక్కైనను నిమిషములో తీయగలడు. కొలత తీయకుండ "మార్చవలె" నన్నవానిని "ఏమి చూచి చెప్పుచున్నా"రని మెల్లగా అడుగుడు. మార్చిన పాత సామానును ఇంటికి తెచ్చుకొనుడు, రసీదు తీసికొనుడు. తక్కువ ఖర్చుతో కూడిన పనిని మొదట చేయించుడు. తీగలు విప్పి శుభ్రము చేసి బిగించుటకంటె తక్కువ ఖర్చు మఱొకటి లేదు. ఎండ మిక్కుటమైన మన సీమలో బ్యాటరీ త్వరగా వడలును గనుక, నీరు పోయు రకమైనచో శుద్ధజలము తగ్గకుండ చూచుకొనుడు. అన్నిటికంటె ముఖ్యముగా, మీ కంటికి కనబడినది, చెవికి వినబడినది వ్రాసియుంచుడు. ఊహకు వెల యెక్కువ, గుఱుతునకు వెల తక్కువ.

నడిదారిలో నిలిచినవారు మన గుమ్మము ముందు కనబడినచో చాప వేయుట, మజ్జిగ యిచ్చుట మఱువకుడు. ఆనాడు మోటుపల్లి ఇల్లాలు చేసినదియు అభయమే.

మా అత్తగారు పోయిన నెల గుంటూరు వైద్యుని చూచి వచ్చిరి. ఇప్పుడు అద్దంకి పోవలెననుచున్నారు. ప్రోలయవేమారెడ్డి మొదట రాజధానిగా నేలిన యా యూరిని, వర్షములు పడి యెండ తగ్గిన పిమ్మట చూపెదమని మాట యిచ్చితిమి. బండిలో నీళ్లసీసా ప్రక్కన నోటుపుస్తకము నున్నది. దానిలో తెల్లకాగితములు ఇంకను చాల గలవు.